ఎర్రబొట్టు సెల్లు

కార్ఖానా బస్తీలో ఆ పాత మేడ పేరెత్తితే ఆటోవాళ్లు సందు మొదట్లోనే దింపేసేవాళ్లు. కుక్కలు సైతం దండం పెట్టి పక్కసందులోంచి పోయేవి! విన్నది విన్నట్టు చెబుతున్నాను, ఒక్క మాట కలిపితే నా మీసం తీయించండి.

రాత్రి ఎనిమిదైతే, మనిషన్నవాడు లేని ఆ ఇంట్లో... కాలింగ్ బెల్ మోగేది.

అద్దెకి ఎవరూ రాక, ఇంటి ఓనరు భద్రయ్య రెజిమెంటల్ బజార్లో పాత బ్యాటరీ సెల్లులు బాగుచేసే పర్వతాలు టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

పర్వతాలంటే మామూలోడా! పూర్తిగా దిగిపోయిన సెల్లును చార్జర్ పట్టదు, ఎర్రలైటు కొట్టి ఛీ పొమ్మంటుంది. ఈయన దాని పక్కన మంచి సెల్లు పెట్టి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ తీగ కలిపి, చాయ్ తాగొచ్చేలోపు... ప్రాణం! మీటరు ముల్లు లేచి నిలబడేది. ఇక చార్జర్ నోరు మూసుకుని పట్టేది. అలా లేపిన ప్రతి సెల్లుకీ ఎర్ర గోళ్లరంగుతో బొట్టు పెట్టేవాడు. లక్ష లేపానంటాడు. నేను తొంభైవేల దాకా ఒప్పుకుంటాను.

"ఒక్క రాత్రి ఉండి ఆ బెల్లు సంగతి తేల్చన్నా. ముందటి గది నీ దుకాణానికి ఇస్త."

ఇరవై ఏళ్లుగా ఎండలో టేబులే పర్వతాలు దుకాణం. గోడలూ కప్పూ ఉన్న గది!

"దెయ్యానికి సుత చార్జింగ్ పెడ్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

చీకటి పడ్డాక తలుపు తోశాడు. ముందటి గదిలో చుట్టి పెట్టిన చాప. అది పనిమనిషి ప్రేమమణిది. గూట్లో తీగ లేని బెల్లు. దాని బటన్ పై అంతస్తులో, అద్దెకున్న ముసలి మేబెల్ టీచరమ్మ మంచం పక్కన ఉండేది. ఏడు నెలల కింద టీచరమ్మ గుండె పట్టుకుని రాత్రంతా ఆ బటన్ నొక్కింది. కింద ప్రేమమణి లేవలేదు. తెల్లారి చూస్తే బటన్ మీద బొటనవేలు బిగుసుకుపోయి ఉంది.

భద్రయ్య ప్రేమమణి పెట్టెను వీధిలోకి విసిరేశాడు. సందంతా హంతకురాలంది. అటు పోతున్న పర్వతాలు కూడా ఆగి మరీ అరిచాడు. "గంట మోగుతుంటే పండుకున్నవా? నువ్వు మనిషివేనా?"

ఆమె ఒకటే మాట గొణిగింది. "మోగలేదన్నా... ఒట్టు... మోగలేదు."

ఎనిమిదయింది.

ట్రింగ్...

పర్వతాలు ఉలిక్కిపడి, నవ్వేశాడు. "పక్కింటోళ్ల బెల్లు రిమోట్ తగుల్తుంది, గంతే!" బెల్లు చేతిలోకి తీసుకుని వెనక మూత ఊడదీశాడు.

రెండు సెల్లులు. రెండింటి మీదా... ఎర్రబొట్టు.

టీచరమ్మ కర్ర పోటేసుకుంటూ, దిగిపోయిన రెండు సెల్లులు పట్టుకుని టేబుల్ దగ్గరికి వచ్చిన సాయంత్రం కళ్ల ముందు నిలిచింది. ఆమె చనిపోయింది ఆ రాత్రే! దేనికని ఆయన అడగలేదు. లేపిన సెల్లును టార్చిలో వేసి, గంటసేపు నిలుస్తుందో లేదో చూసి ఇవ్వాలి. ఆ రోజు గిరాకీ ఎక్కువ. ముల్లు లేవగానే బొట్టు పెట్టి ఇచ్చేశాడు.

"రాత్రికి నిలబడతాయా, మ్యాన్?" అందామె.

"నా చేతిల పడ్డంక సచ్చుడనేదే ఉండది, టీచరమ్మా!"

సెల్లులు బయటికి తీసి మీటరు పెట్టాడు. సున్నా. రెండోది... సున్నా.

రెండూ గుప్పిట్లోనే ఉన్నాయి. బెల్లు కడుపు ఖాళీ.

ట్రింగ్... ట్రింగ్... ట్రింగ్...

మెట్ల మీద కర్ర చప్పుడు. ఒక్కో మెట్టే... కిందికి.

"పర్వతాలూ..." చెవి పక్కనే గుసగుస. "సచ్చుడు... ఉండదన్నావు కదా, మ్యాన్?"

తెల్లారి భద్రయ్య తలుపు తీశాడు. ప్రేమమణి చాప మీద పర్వతాలు కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. బొటనవేలు గాలిలో దేన్నో నొక్కుతూనే ఉంది. నుదుట ఎర్ర గోళ్లరంగు బొట్టు... ఇంకా తడారలేదు.

"ఏందన్నా ఇది! రాత్రంత గంట మోగిందని సందంత చెప్పుకుంటుండ్రు. నువ్వేం చేసినవ్?"

పర్వతాలు పెదవులు కదిలాయి.

"మోగలేదన్నా... ఒట్టు... మోగలేదు."