పేరుకోని సీసా

“నాలుగింటికి విచారణ సార్. దొంగ లెక్కలు రాశానని తేలిస్తే నా చదువు అక్కడితో సరి.”

కూర్చోమన్నా ఆ పరిశోధక విద్యార్థిని కూర్చోలేదు. బ్యాగు పట్టీ మెలిపెడుతూనే ఉంది. అందరూ భూతద్దం అని పిలిచే డిటెక్టివ్ ఓపిగ్గా విషయం రాబట్టాడు. ఆమె ఓ మందుమొక్క ఆకుల సారాన్ని ద్రావకంలో కలిపి క్యాన్సర్ కణాల మీద వేసింది. మొదటిసారి అన్నీ చచ్చాయి. మూడు వారాలకు అదే సీసాలోది వేస్తే నిక్షేపంగా బతికాయి.

మూడు గంటలకు అతను ప్రయోగశాలలో ఫ్రిజ్ తెరిచి, నల్లకాగితం చుట్టిన సీసాలు ఒక్కొక్కటే ఊపి చూశాడు. అన్నీ నెయ్యిలా పేరుకుని ఉన్నాయి.

“ఆ ద్రావకం అంతే సార్, చల్లబడితే గడ్డకడుతుంది. పొద్దున్నే నా సీసా బల్లమీద పెట్టి, కరిగేదాకా గంటసేపు పక్కన కణాలు పెంచే గదిలో ఉంటాను.”

ఆమె సీసా మాత్రం గలగలమంది. డిటెక్టివ్ దాన్ని విడిగా బల్లమీద పెట్టాడు.

“ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే క్యాన్సర్ మందని పేరు పెట్టేసింది,” అని విసుక్కున్నాడు ఆమెకు గైడయిన ప్రొఫెసర్.

గదులు ఊడ్చే అక్క ఎడమ చంక నొక్కుకుంటూ వచ్చింది. డిటెక్టివ్ సహాయకుడు నవ్వాడు. “వెల్లుల్లి గట్టిగానే పట్టించావక్కా!”

“పొద్దుట్నుంచి టీ చుక్క కూడా దిగలేదు బాబూ.”

డిటెక్టివ్ అందర్నీ బల్ల చుట్టూ నిలబెట్టాడు.

“ఇందులోంచి సార్ తీసినా, ఈ అమ్మాయి తీసినా కొరతను ద్రావకంతోనే నింపేవారు. ఈ సీసా పేరుకోలేదంటే ఇందులో నీళ్ళు కలిశాయి; మందు పలచబడే కణాలు బతికాయి. కలిపినవాళ్ళు దీన్ని కరిగాకే చూశారు, చల్లబడితే గడ్డకడుతుందని తెలీదు. పొద్దున ఆ గంటలో ఇక్కడ ఉండేది ఊడ్చేవాళ్ళు ఒక్కరే. ఈ ద్రావకం ఒంటికి రాస్తే చాలు, ఊపిరి వెల్లుల్లి వాసనేస్తుంది.”

సహాయకుడి నవ్వు ఆరిపోయింది.

“అక్కా, గడ్డ ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు డిటెక్టివ్ మెల్లగా.

చీపురు కింద పడింది. “ఆర్నెల్లు. ఇంట్లో తెలీదు. అన్నీ చచ్చాయని ఆ రోజు నువ్వే కదమ్మా గంతులేశావు! రోజూ కాస్త రాసుకుంటే నాదీ చస్తుందనుకున్నా.”

విద్యార్థిని ముఖం పాలిపోయింది. “మంచి కణాలూ చచ్చాయక్కా. ఆ ముక్క పైకి అనలేదు నేను.”

ప్రొఫెసర్ గడియారం చూసుకున్నాడు. “పది నిమిషాల్లో విచారణ...”

“డిటెక్టివ్ గారు చెబుతారు సార్. ఆస్పత్రిలో చీటీలు ఐదింటిదాకానే ఇస్తారు.”

విద్యార్థిని అక్క సంచిని తన భుజానికి తగిలించుకుంది. “పదక్కా.”