వైనోకి బీరెవరిచ్చారు?

జోలీన్ ట్రెంబాత్ చేతితొడుగులు కూడా తీయకుండా కుర్చీ అంచున కూర్చుంది. గదిలో హీటర్ మండుతూనే ఉంది.

"నేను ఆయనకి బీరు అమ్మలేదండీ," అంది. "దానికి సాక్ష్యం నా మాటొక్కటే. మా ఊళ్ళో నా మాటకి ఇప్పుడు చిల్లిగవ్వ విలువ లేదు."

ఐరీన్ లాక్సో ఆమె ముందు కాఫీ కప్పు పెట్టి ఊరుకుంది. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో తనిఖీ ఉద్యోగం చేసి, ఆ తర్వాత మార్కెట్ అనే పట్నంలో సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించిన మనిషి ఆమె. ఎదుటివాళ్ళకి మాట దొరికేదాకా ఆగడం ఆమెకి వచ్చినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ రాదు. ఆమె సహాయకుడు క్లైడ్ మెనార్డ్ నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మేడం గారి మౌనాన్ని కూడా రాసుకునేటంత భక్తి అతనిది.

జోలీన్ చెప్పిన సంగతి ఇది. అప్పర్ మిషిగన్‌లో పాత రాగి గనుల ఊరు టామరాక్ హిల్. అక్కడ 'ఏడో గని' అనే చిన్న బ్రూవరీలో ఆమె ఆరేళ్ళుగా కుళాయిల దగ్గర పనిచేస్తోంది. బీరు ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళకి పెద్ద అల్యూమినియం డబ్బాలో నింపి, కళ్ళముందే మెషీన్‌లో తిప్పి మూత బిగించి ఇస్తారు. క్రౌలర్ అంటారు దాన్ని. ప్రతి డబ్బా మీదా చీటీ ఉండాలి. ఏ బీరు, ఏ తేదీ, ఎవరు నింపారు, ఈ మూడూ దాని మీద రాయాలి.

మూడు వారాల కిందట ఒక శనివారం, వైనో పెల్టో అనే అరవై ఏడేళ్ళ ఆయన తన ఇంటి వెనక సౌనాలో, అంటే ఆవిరిస్నానపు గదిలో, చచ్చిపోయాడు. గుండె ముందే బలహీనం, పైగా ఆ వేడిలో తాగి నిద్రపోయాడు. బల్ల మీద సగానికి పైగా ఖాళీ అయిన క్రౌలర్ ఒకటి, తలుపు బయట మంచులో గుచ్చిన నిండు క్రౌలర్ ఇంకొకటి దొరికాయి. రెండింటి మీదా ఆ రోజు తేదీ ఉంది. పక్కన జోలీన్ పొడి అక్షరాలున్నాయి.

వైనో భార్య హిల్మా పోలీసులకి వాంగ్మూలం ఇచ్చింది. సాయంత్రం అయిదింటికి తను చర్చికి బయల్దేరుతుంటే ఆయన తూలుతూ ఇంటికొచ్చాడనీ, చేతిలో రెండు డబ్బాలున్నాయనీ, జోలీన్ ఇప్పుడే నింపి ఇచ్చిందన్నాడనీ చెప్పింది. తూలుతున్నవాడికి బీరు అమ్మడం ఆ రాష్ట్రంలో నేరం. వచ్చే గురువారం విచారణ. నేరం రుజువైతే జోలీన్ లైసెన్సు పోతుంది, జైలు కూడా పడొచ్చు. ఆమె మీద ఆధారపడ్డ ఆడపిల్లలు ఇద్దరు.

"ఆయన తాగుడు మానేశాడని విన్నానే?" అని అడిగింది ఐరీన్.

నాలుగు నెలలైంది మానేసి, అంది జోలీన్. మానిన కొత్తలోనే హిల్మా కౌంటరు దగ్గరికొచ్చి, తన రెండు చేతులూ పట్టుకుని, ఆయన కాళ్ళమీద పడినా ఇవ్వొద్దని బతిమాలిందట. జోలీన్ మాటిచ్చింది. చనిపోవడానికి రెండు రోజుల ముందు గురువారం వైనో వచ్చి ఏడ్చాడు. ఆమె వీపు తిప్పి గ్లాసులు కడుగుతూ నిలబడింది.

మర్నాడే ఐరీన్, క్లైడ్ టామరాక్ హిల్ చేరారు. డెప్యూటీ షెరీఫ్ హాన్కా మంచివాడే కానీ కేసు తేలిపోయిందనుకున్న మనిషి. సంచిలోంచి డబ్బాలు తీసి చూపించాడు. ఐరీన్ వాటిని కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. చీటీలు రెండూ ముడతలు పడి ఉన్నాయి. సిరా పాకింది. తేదీ ఉంది, పొడి అక్షరాలున్నాయి, ఏ బీరో రాయాల్సిన చోటు మాత్రం ఖాళీ.

తొందరలో రాయడం మర్చిపోయి ఉంటుంది, మంచులో పెడితే తడిసి ఉంటుంది, అన్నాడు హాన్కా. బల్ల మీది డబ్బా మంచులో లేదు కదా అని ఐరీన్ అనలేదు. నిండు డబ్బాని అలాగే తెరవకుండా ఉంచమని మాత్రం కోరింది.

ఏడో గనిలో యజమాని లూ బోనెట్టి ఒక్కడే ఉన్నాడు. బట్టతల, పెద్ద పొట్ట, మొహంలో పిరికితనం. ఆ శుక్రవారం నుంచి ఆదివారం దాకా తను గ్రీన్ బేలో ఉన్నాననీ, మంచు తుఫానులో దారి మూసేస్తే బావమరిది ఇంట్లో చిక్కుకుపోయాననీ ఎవరూ అడక్కముందే చెప్పాడు. అది నిజమేనని క్లైడ్ తర్వాత ఫోన్ చేసి తేల్చుకున్నాడు. చలికాలంలో అక్కడ పనిచేసేది లూ, జోలీన్, ఇద్దరే.

"వైనో మాకు పరాయివాడు కాదండీ," అన్నాడు లూ. "మొదలుపెట్టినప్పుడు ఉన్నది ముగ్గురమే. నేనూ వైనో బీరు కాచేవాళ్ళం. అప్పుడీ డబ్బాలెక్కడివి, అన్నీ గాజు జాడీలే. హిల్మా కౌంటర్లో నిలబడి జాడీ నింపి, మూత బిగించి, మెడకి చీటీ దారంతో కట్టేది. వెనక తలుపు తాళం ఒకటి ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది, ప్రతి శనివారం ఒంటిగంటకి మాంసం కూరిన పాస్టీ రొట్టెలు చేసి తెచ్చిస్తుంది. అలాంటి ఇంటికి ఈ పిల్ల చేసిన పని చూడండి."

"చేసిందని మీకు తెలుసా?"

"నిప్పు లేనిదే పొగొస్తుందా?"

ఐరీన్ అతని అనుమతితో జోలీన్‌ని పిలిపించి, తనకో క్రౌలర్ నింపమంది. జోలీన్ ఖాళీ డబ్బా తీసి, పొడిగుడ్డతో తుడిచి, ముందు చీటీ అంటించి బీరు పేరు రాసింది. తర్వాత డబ్బాలోకి గ్యాస్ ఊది, గొట్టం అడుగుదాకా దించి బీరు పట్టి, పొంగిన నురగ మీదే మూత పెట్టి మెషీన్ తిప్పింది. చీటీ ముందే ఎందుకని క్లైడ్ అడిగాడు. చల్లటి బీరు పడగానే డబ్బాకి చెమట పడుతుంది, ఆ తడి మీద ఏదీ సరిగ్గా అంటుకోదు, అందామె. ఈ పని తెలిసినవాళ్ళకి అది చెప్పాల్సిన సంగతే కాదన్నట్టు.

లూ లోపలికి వెళ్ళాక ఐరీన్ గొంతు తగ్గించింది. "తల్లీ, నా దగ్గరొకటి దాచావు. బీరు పేరు లేకుండా నీ అక్షరాలున్న చీటీలు ఎక్కడివి?"

జోలీన్ తల దించుకుంది. శనివారాలు సాయంత్రం జనం తోసుకొస్తారు. అందుకని పొద్దున్నే ఒక డజను చీటీల మీద తేదీ, పొడి అక్షరాలు రాసి కౌంటరు మీద పెట్టుకుంటుంది. అది నిబంధనకి విరుద్ధం. చీటీ ఎవరు రాస్తే డబ్బాకి వాళ్ళే పూచీ. ఆ రోజు రెండు చీటీలు తక్కువొచ్చాయని చూసింది కూడా. చెబితే నిబంధన తప్పినందుకు లైసెన్సు పోతుందని నోరు మూసుకుంది. కళ్ళు తెరిచి తవ్వుకున్న గొయ్యిలో తనే పడింది పాపం.

"శనివారం నువ్వు కౌంటరు వదిలి వెళ్ళావా?"

ఒక్కసారే వెళ్ళానంది. ఒంటిగంటకి తలుపులు తెరిచిన కాసేపటికే కింది చలిగదిలో గొట్టం బిగుసుకుపోతే పావుగంట అక్కడే ఉంది. జనం లేరు, బయటి తలుపుకి గొళ్ళెం పెట్టే వెళ్ళింది. కింద యంత్రం రొదలో పైన పిడుగు పడ్డా వినపడదు. పైకొచ్చేసరికి పాస్టీల బుట్ట ఎప్పట్లాగే కౌంటరు మీదుంది. ఆ రోజు ఏయే బీర్లు ఉన్నాయో కూడా ఐరీన్ అడిగి రాయించుకుంది.

సాయంత్రం వాళ్ళు హిల్మా ఇంటికి వెళ్ళారు. సన్నటి, నిటారైన ముసలావిడ. కాఫీ ఇచ్చింది, రొట్టె పెట్టింది, కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు దొంగవి కావని ఐరీన్‌కి తెలిసింది. తన పక్కన కూర్చున్న కూతురు ఐలా మోకాలి మీంచి హిల్మా చెయ్యి తీయలేదు. వాంగ్మూలంలో చెప్పిందే పొల్లుపోకుండా మళ్ళీ చెప్పింది. పొరుగింటి ముసలాయన మాత్రం ఇంకో సంగతి చెప్పాడు. ఆ రోజు ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా వైనో తనతో పేకాడాడనీ, చుక్క కూడా తాగలేదనీ, చేతులు మాత్రం వణుకుతున్నాయనీ అన్నాడు. పోలీసులు ఆయన్ని అసలు అడగనేలేదు.

కారెక్కాక క్లైడ్ ఉండబట్టలేక, ఎవరో తేలిందా మేడం అన్నాడు. తేలింది, తేలకపోతే బాగుండేదనిపిస్తోంది, అంది ఐరీన్.

శనివారం మధ్యాహ్నం ఏడో గనిలో అందరూ కూర్చున్నారు. లూ, జోలీన్, హిల్మా, ఐలా, సంచితో హాన్కా. ఐరీన్ నిలబడే మాట్లాడింది.

"ముందు ఆ నిండు డబ్బా తెరవండి హాన్కా గారూ."

హాన్కా గ్లాసులోకి వంచాడు. ఎర్రగా, చిక్కటి నురగతో దిగింది. వాసన చూడకుండానే లూ గుర్తుపట్టాడు. రై బీరు, అన్నాడు.

ఆ శనివారం రై బీరు ఎప్పటిదాకా ఉందని ఐరీన్ అడిగింది. రెండింటికి పీపా అయిపోయింది, బోర్డు మీద పేరు చెరిపేశాను, అంది జోలీన్. రెండున్నరకి వచ్చి లేదని తిరిగి వెళ్ళినవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ పేర్లు క్లైడ్ చదివాడు.

"అంటే ఈ డబ్బాలు రెండింటికి ముందే నింపినవి," అంది ఐరీన్. "ఆ టైములో వైనో పొరుగింట్లో పేకాడుతున్నాడు. సాయంత్రం అయిదింటికి జోలీన్ ఇప్పుడే నింపి ఇచ్చిందనే మాట ఆయన అనలేదు. అనే వీలే లేదు. ఇక చీటీలు. ఇవి తడి డబ్బా మీద అంటించినవి, అందుకే ముడత పడ్డాయి. జోలీన్ పొడి డబ్బాకి ముందు అంటించి తర్వాత నింపుతుంది. లూ కూడా అంతే. ముందు నింపి తర్వాత చీటీ పెట్టేది ఎవరు? గాజు జాడీల రోజుల్లో పని నేర్చుకున్నవాళ్ళు. జాడీ మెడకి చీటీ చివర్లోనే కడతారు. డబ్బాలు వచ్చాక ఒక్కరోజు కూడా కౌంటర్లో నిలబడనివాళ్ళు. అలాంటి మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి ఒంటిగంటకి తన దగ్గరున్న తాళంతో వెనక తలుపు తీసి ఇక్కడికొచ్చారు. వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళలేదు."

ఐలా తల్లి మొహంలోకి చూసి, తన మోకాలి మీదున్న ఆమె చేతిని నెమ్మదిగా పక్కకి పెట్టింది.

"రాత్రంతా ఏడ్చాడు," అంది హిల్మా చివరికి. "నలభై ఏళ్ళు వద్దు వద్దు అంటూనే బతికాను. ఒక్కసారి సరే అన్నాను. ఒకటి తాగి పడుకుంటాడులే అనుకున్నా."

"చీటీ ఎందుకు పెట్టావు పెద్దమ్మా?" అంది జోలీన్.

"అలవాటే పిల్లా. చీటీ లేకుండా బీరు బయటికి పంపకూడదని నా చేతులకి తెలుసు. నీ మీదికి రావాలని కాదు. హాన్కా నీ అక్షరాలు చదివి, ఈ పిల్లేనా ఇచ్చింది అన్నాడు. పక్కన ఐలా ఉంది. అవునన్నా. ఒకసారి అన్నాక ఇంకేం చెయ్యను?"

"తూలుతూ వచ్చాడని కూడా అన్నావు," అంది జోలీన్.



హాన్కా గొంతు సవరించుకుని, జోలీన్ మీద కేసు అక్కడితో సరి అన్నాడు. పోలీసులకి అబద్ధం చెప్పినందుకు హిల్మా మీద కేసు పెట్టాల్సి ఉంటుందనీ, జోలీన్ ఒద్దంటే ప్రాసిక్యూటరుతో మాట్లాడి చూస్తాననీ కూడా అన్నాడు. లూ చేతులు నలుపుకుంటూ సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. జోలీన్ అతనివైపు చూడను కూడా లేదు.

"కేసొద్దు," అంది. "పెద్దమ్మా, నన్ను చర్చిలో ప్రార్థనయ్యాక కాఫీలప్పుడు హంతకురాలన్నావు, అందరి ముందూ. రేపు ఆదివారం. అక్కడే, ఆ నోటితోనే నిజం చెప్పు."

అప్పటిదాకా చెక్కుచెదరని హిల్మా రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "జైలుకి పంపించు తల్లీ. అది మాత్రం అడక్కు."

"అదే కావాలి నాకు. నా పిల్లలతో మాట్లాడొద్దని అందరూ వాళ్ళ పిల్లలకి చెప్పిందక్కడే."

ఆదివారం హిల్మా చెప్పింది. ఐరీన్, క్లైడ్ తలుపు దగ్గర నిలబడి విన్నారు. ముసలావిడ లేచి, బల్ల పట్టుకుని, ఏమీ దాచకుండా మొత్తం చెప్పింది. బీరు తనే ఇచ్చానంది, నింద జోలీన్ మీద తనే వేశానంది.

నలభై మంది ఒక్కసారిగా లేచారు. ఒకరు కుర్చీ వేశారు, ఒకరు నీళ్ళు తెచ్చారు, పాస్టరు భార్య వాటేసుకుని భోరుమంది. ఎంత నరకం పడ్డావమ్మా ఇన్నాళ్ళూ అన్నారు. ఎంత ధైర్యం నీది అన్నారు. ప్రతి ఒక్కళ్ళూ ఆమె చెయ్యి పట్టుకోవడానికి వరస కట్టారు.

జోలీన్ గోడ దగ్గర ఇద్దరు కూతుళ్ళతో నిలబడి చూసింది. ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమెవైపు చూడాల్సి వస్తే చూపు తిప్పుకున్నారు. తప్పు తమదని తెలిసినవాళ్ళు ఎవరి ముందైనా నిలబడతారు గాని, తాము ఎవరికి అన్యాయం చేశారో ఆ మనిషి ముందు నిలబడలేరు.

క్లైడ్ మొహం ఎర్రబడింది. "గెలిచాం కదా మేడం? ఆమె నిర్దోషి అని తేలింది కదా?"

"తేలింది," అంది ఐరీన్. "అందుకే రారు."

జోలీన్ పిల్లలకి కోట్లు తొడిగి, గుండీలు పెట్టి, వాళ్ళని తీసుకుని మనుషుల మధ్యనుంచి బయటికి నడిచింది. దారి మాత్రం ఇచ్చారు.