తుపాకి మూతి చూసుకోనివాడు

టప్!

ఆ వెంటనే ఇంకో చప్పుడు, మెత్తగా.

మదనపల్లె టొమేటో మార్కెట్లో వేలంపాట సగంలో ఆగిపోయింది. పోలీసు డిపార్ట్‌మెంట్‌కి రహస్యంగా కబుర్లు చేరవేసే మండీ వ్యాపారి మునిస్వామి బాక్సుల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. గుండు అతని ఛాతీలోంచి దూసుకొచ్చి, వెనక బాక్సుని కూడా చీల్చుకుని పోయింది. ఏది రసమో ఏది రక్తమో తెలియడం లేదు.

చింతపండు గంపతో, భుజాన తక్కెడతో అక్కడే ఉన్న భారతికి వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు. తిరిగి చూసింది. ఎవరూ లేరు.

అవి ఆమె భర్త చిన్నప్ప చెప్పులు. ఆయన పోయి పదకొండేళ్లు. ఆయన కూడా ఆమెలాగే డిపార్ట్‌మెంట్ రహస్య ఏజెంటే. పుంగనూరు దాటి చౌడేపల్లె పోయే రోడ్డులో ఇట్లాగే రెండు చప్పుళ్లు: ఒకటి ఆయన్ని తాకింది, రెండోది ఆయన్ని దాటి గోడలో దిగింది. నాటు తుపాకి అని రాసి కేసు మూసేశారు. అప్పటినుంచి చావు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ చెప్పులు ఆమె వెనకే నడుస్తాయి.

సాయంత్రం పుంగనూరులో, కోళ్లదాణా గోడౌన్ తలుపు తట్టింది భారతి.

"గింజ తీసిందేనా?" లోపలినుంచి గుర్తుమాట అడిగారు.

"తీయలేదు. ఎవురి గింజ వాళ్లే తీసుకోవాల."

తలుపు తెరుచుకుంది. లోపల చీఫ్ ముద్దుకృష్ణ. పక్కన దీపిక, బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చిన ఏజెంటు. నల్ల కళ్లద్దాలు, లేత నీలం చీర, లిప్‌స్టిక్ గొట్టంలో వైర్‌లెస్.

"ఫాల్కన్ ముఠా పని," అన్నాడు చీఫ్. "ఆ ముఠాను వదిలి మనకు లొంగిన కార్ల్ అనే విదేశీయుడు రేపు పొద్దున రైల్లో కుప్పంలో దిగతాడు. వాడు నోరు తెరిస్తే ముఠా మొత్తం లోపలికే. అందుకే వాడిని లేపేయడానికి చూస్తాండారు."

"ఏ తుపాకితో సార్?" అడిగింది భారతి.

"అదే తెలీదు. చట్టం దృష్టిలో అన్ని తుపాకులూ ఒకటి కాదమ్మా. ట్రిగ్గర్ పట్టుకుంటే గుండ్లు కురిపించే ఆటోమేటిక్, మామూలు మనిషి ముట్టనే కూడదు. త్రీ నాట్ త్రీ లాంటి మిలిటరీ తుపాకి ప్రొహిబిటెడ్ బోర్, నిషేధం ఉన్న రకం. దానికి కలెక్టర్ కూడా లైసెన్సు ఇయ్యలేడు, ఢిల్లీ ఇయ్యాల. పన్నెండు బోర్ వేట తుపాకికి కలెక్టర్ చాలు. అన్నిటికన్నా కింద పంట తుపాకి. మూతిలోంచి మందు కూరి, కడ్డీతో దంచి కాల్చేది. అడవిపందుల కోసం రైతుకిస్తారు."

"ఆటోమేటిక్కే సార్, నాకు పక్కా సమాచారం," అంది దీపిక. "బ్యాగులు, సూట్‌కేసులు వెతికిద్దాం. పంట తుపాకుల జోలికి పోతే రైతులు గోల చేస్తారు."

"మునిస్వామిని దాటుకోని పోయింది ఒక్కటే గుండు కదమ్మా," అంది భారతి.

దీపిక నవ్వింది. "ఆంటీ, మీరు భయపడటానికే జీతం తీసుకుంటారు."

చీఫ్ గొంతు తగ్గించాడు. "భారతమ్మా, ఇంకో మాట. కార్ల్ చేతికి బేడీ వేసి స్టేషన్లోంచి బయటికి తీసుకొచ్చే కానిస్టేబుల్ మీ నవీన్."

భారతి ఒక అడుగు ముందుకేసింది. "నా బిడ్డేనా దొరికింది? ఇంకెవురూ లేరా సార్?"

ఒక మనిషితో ఆగని గుండు. బేడీతో కట్టేసిన రెండో మనిషి తన కొడుకు. ఆ రాత్రి నవీన్ యూనిఫాం ఇస్త్రీ చేస్తూ, చొక్కాలో గుండె ఉండే చోటు మీద పెట్టెను ఆనించలేకపోయింది. అమ్మ చింతపండు అమ్ముతుందనే వాడికి తెలుసు, అంతే.

పొద్దున కుప్పం స్టేషన్ బయట ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వచ్చేపోయేవాళ్ల సూట్‌కేసులన్నీ విప్పిస్తున్నారు. తలగుడ్డ చుట్టుకున్న ఒక రైతు భుజాన పొడుగు తుపాకితో వచ్చాడు. లైసెన్సు చూపించాడు.

"గుడుపల్లె కాడ ఏనుగులు దిగినాయి మేడమ్. రేత్రంతా కాలుస్తానే ఉండాను."

దీపిక తెల్లటి కర్చీఫ్‌తో తుపాకి మూతి తుడిచి చూసింది. "నాటు మందుదే. పోనీండి," అంది.

భారతి గంప సర్దుకుంటూ అటు చూసింది. కర్చీఫ్ తెల్లగానే ఉంది. రాత్రంతా కాల్చిన నాటు మందు తుపాకి మూతి పొయ్యిలా నల్లగా ఉండాలి.

కిర్రు, కిర్రు. చెప్పులు ఆమె వెనకే వచ్చి ఆగాయి.

అరిస్తే వాడు అక్కడే కాలుస్తాడు. కబురు చేద్దామంటే వైర్‌లెస్ దీపిక దగ్గరే ఉంది. ఒకవేళ వాడు నిజంగా రైతే అయితే? పోలీసుల గుండ్లకు ఏ తల్లి బిడ్డో బలైపోతాడు.

వాడు టీ అంగడి గోడకు తుపాకి ఆనించి, పక్కనే కూర్చున్నాడు. భారతి గంప దించి వాడి పక్కనే చతికిలబడింది. చింతపండు ఉండ చేస్తూ ఆలోచించింది. పంట తుపాకి మనిషికి లోకమంతా ఆ మూతిలోనే. కాల్చే ముందు కడ్డీ దింపి చూసుకోకుండా ఉండడు. ఏమైనా అడ్డం ఉంటే తీసి, నన్ను నాలుగు తిట్లు తిడతాడు, అంతే. త్రీ నాట్ త్రీ లాంటిదానికి వెనకనుంచి తూటా పెట్టేవాడికైతే మూతితో పనేముంది?

రైలు కూత వినిపించింది.

"అమ్మో, మోకాళ్లు!" అంటూ లేచి, ఆసరా కోసమన్నట్టు తుపాకి గొట్టం పట్టుకుంది. బొటనవేలు మూతిని అదిమింది. గింజతో సహా చింతపండు లోపలికి.

"ఏయ్ ముసల్దానా, సెయ్యి తియ్!"

"కోపమెందుకప్పా, తీస్తాండా కదా."

కార్ల్, నవీన్ బయటికి వచ్చారు. ఒకే బేడీ, రెండు చేతులు. వాడు తుపాకి అందుకున్నాడు. చెక్క కింద ఏదో క్లిక్కుమంది. మూతి చూడలేదు. కడ్డీ ముట్టలేదు. నవీన్ అటే చూస్తూ నవ్వుతున్నాడు, ఆమెను గుర్తుపట్టి. భారతి గంప వదిలేసి కొడుకు వైపు పరిగెత్తింది.

ధడేల్!

రెండో చప్పుడు కోసం ఆమె చెవులు ఎదురుచూశాయి. రాలేదు. గొట్టం అరటిపువ్వులా విచ్చుకుంది. వాడు మొహం పట్టుకుని నేల మీద దొర్లుతున్నాడు. చెక్క చీలి, లోపల దాచిన త్రీ నాట్ త్రీ బయటపడింది.

దీపిక మెల్లగా కారు వైపు జరిగింది. భారతి భుజానున్న తక్కెడ గొలుసు దీపిక మణికట్టుకి చుట్టుకుంది.

"ఆ కర్చీఫ్ ఇట్లియ్యమ్మా," అంది భారతి. "ఇంత తెల్లగా నా జన్మలో ఉతకలేదు."

నవీన్ పరుగున వచ్చాడు. "అమ్మా! నువ్వీడ యాల ఉండావు?"

"కుప్పంలో రేటు బాగుండాదని వస్తి. తిన్న్యావా?"

కార్ల్‌ని ఎక్కించుకుని జీపు కదిలింది. చెప్పుల చప్పుడు మాత్రం భారతి దగ్గర ఆగలేదు. నవీన్ కూర్చున్న వైపే, జీపు వెంబడే నడిచిపోయింది. దుమ్ము కనుమరుగయ్యేదాకా ఆమె అటే చూస్తూ నిలబడింది.

తర్వాత ఎస్టీడీ బూత్ నుంచి చీఫ్‌కి ఫోన్ చేసింది.

"మంచిపని చేసినావమ్మా," అన్నాడు ముద్దుకృష్ణ. "మరి రిపోర్టులో నువ్వు వాడిన ఆయుధం చట్టప్రకారం ఏ రకమని రాయాల?"

భారతి వేలికి అంటిన పులుపు చీర కొంగుతో తుడుచుకుంది.

"లైసెన్సు అక్కర్లేనిదని రాయండి సార్. గంపెడు నేలపాలైంది, దాని సంగతి కూడా చూడండి."