ఇరవై మూడో పేజీలో కొడవలి

"మీ పుస్తకంలో కృష్ణానది వెనక్కి పారుతోందండీ."

గొడుగు ఇంకా ముయ్యలేదు, చెప్పులు ఇంకా విప్పలేదు, పేరు ఇంకా చెప్పలేదు. గవర్నర్‌పేటలోని గోలీసోడా పబ్లికేషన్స్ గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అన్న మొదటి మాట అదే.

యేసుబాబు కంప్యూటర్ మీంచి తలెత్తాడు. పిల్లల పుస్తకాలకి పేజీలు పేర్చడం అతని ఉద్యోగం. గోలీసోడా వాళ్ల పుస్తకాల్లో గ్యాస్ ఉండదనీ, ఆఫీసులో మాత్రం గోల ఉంటుందనీ ఊళ్లో పేరు. కానీ ఇంత తడిసిన గోల ఎప్పుడూ రాలేదు.

"నదా? ఎటు పారితే ఏంటండీ, పేజీ దాటి పోలేదుగా?"

"ఇదిగో, చూడండి." ఆమె బల్ల మీద నమూనా పేజీ పెట్టింది. జుట్టులోంచి ఒక వాన చుక్క జారి సరిగ్గా ప్రకాశం బ్యారేజీ మీద పడింది. "సీతానగరం ఒడ్డున నిలబడి చూస్తే నిండు నీళ్లు ఎడం పక్కన ఉండాలి. ఇసుక కుడి పక్కన. మీ బొమ్మలో తలకిందులు. మీ లెక్కన కృష్ణమ్మ హంసలదీవిలో పుట్టి, బెజవాడ మీదుగా మహాబలేశ్వరం కొండెక్కుతోంది. పాపం, ఆ వయసులో ఎక్కగలదా?"

నది అలా తిరగడం వెనక ఒక కథ ఉంది. ఓనరు జీవరత్నం గారికి ఒక రూలుంది. ఫోటోలో ఎవరున్నా సరే, చూపు పుస్తకం లోపలికే ఉండాలి. బయటికి చూశాడో, చదివే పిల్లాడు కూడా బయటికే చూస్తాడని ఆయన నమ్మకం. బ్యారేజీ ఫోటోలో ఒక పడవతను బయటికి చూస్తున్నాడు. యేసుబాబు మౌసుతో ఒక్క నొక్కు నొక్కి బొమ్మని అద్దంలోలా తిప్పేశాడు. పడవతను లోపలికి తిరిగాడు. అతనితోపాటు నది కూడా తిరిగింది. తిప్పినందుకు తిప్పలు ఇప్పుడొచ్చాయి.

"చూపు కోసం తిప్పానండి."

"చూపు కోసం నదులే తిప్పేస్తారా?" అంది. అంటూ అతని వైపు చూసింది. ఆ చూపు పుస్తకం లోపలికీ లేదు, బయటికీ లేదు. తిన్నగా యేసుబాబు గుండెకాయలోకుంది.

ఆమె పేరు దీవెన. భవానీపురంలో ఒక స్కూల్లో సోషల్ టీచరు. నమూనా పేజీలు చూసిపెట్టమని జీవరత్నం గారే ఆ స్కూలుకి పంపారు. లోపలి గదిలోంచి మొత్తం విన్న ఆయన బయటికొచ్చి చేతులు జోడించారు.

"అమ్మా, నలభై ఎనిమిది పేజీల్లో ఒకటి పట్టుకున్నావు. మిగతా నలభై ఏడూ పట్టుకో. టీ ఇస్తాం, సమోసా ఇస్తాం."

"సమోసా వేడిగా ఉంటేనే వస్తానండీ," అంది దీవెన.

అలా ప్రతి శనివారం ఆమె రావడం మొదలైంది. పుస్తకం పేరు 'మన డెల్టా: ఫోటోల్లో కథ'. ఆరు నించి పదేళ్ల పిల్లలకి. కాలవలు ఎవరు తవ్వారు, రైలు వంతెన ఎలా కట్టారు, బందరు రేవుకి ఓడలు ఎక్కడెక్కణ్ణించి వచ్చాయి, ఇలా ఎడం పేజీలో నాలుగు వాక్యాలు, కుడి పేజీలో ఒక పాత ఫోటో.

పేజీకొక పేచీ.

"ఈ కాలవ గట్టు మీద నడుస్తున్న మనిషికి తల కట్ చేశారేంటండీ?"

"అక్కడ హెడ్డింగు పెట్టాలండి."

"హెడ్డింగు కోసం హెడ్డు తీసేస్తారా?"

మూడో శనివారానికి యేసుబాబుకి ఒక విషయం అర్థమైంది. తప్పులు లేని పేజీ చూపిస్తే ఆమె పది నిమిషాల్లో వెళ్లిపోతోంది. తప్పులుంటే గంటన్నర కూర్చుంటోంది. నాలుగో శనివారం నించి అక్కడక్కడా ఒక అక్షరం తప్పుగా వదలడం మొదలెట్టాడు. ఐదో శనివారం ఆమె పెన్ను మూత పెట్టి అంది.

"యేసుబాబు గారూ, పోయిన వారం 'మచిలీపట్నం' సరిగ్గానే ఉంది. ఈ వారం ఎలా పాడైంది?"

"తేమకండి."

"ఫైల్లో కూడా తేమ వస్తుందా?"

"మీరు గొడుగు సరిగ్గా దులపరు కదండీ."

ఆమె తల వంచి ఆ అక్షరాన్ని దిద్దింది. దిద్దుతున్నంత సేపూ పెదవి చివర ఒక నవ్వు ఆగి ఉంది. యేసుబాబు ఆ రోజు మధ్యాహ్నం భోజనం చెయ్యడం మర్చిపోయాడు. మర్చిపోయిన సంగతి సాయంత్రం నాలుగింటికి సమోసా గుర్తుచేసింది.

కానీ నది విషయంలో మాత్రం అతను నిజంగా మారాడు. ఇంకెప్పుడూ ఆమె ముందు తిరగబడ్డ బొమ్మ పెట్టకూడదనుకున్నాడు. ప్రతి ఫోటోనీ పోలీసులా విచారించాడు. పైట ఎడం భుజం మీదుందా? వాచీ ఎడం చేతికుందా? బస్సు స్టీరింగు కుడి పక్కనుందా? రెండు పాత ఫోటోలు నిజంగానే తిరగబడి ఉంటే అతనే పట్టుకుని సరిచేశాడు.

"పర్లేదే," అంది దీవెన. "మీకు కళ్లొచ్చాయి."

ఆ ఒక్క ముక్క యేసుబాబుకి పది అవార్డులు.

డిసెంబరు వచ్చింది. స్కూల్లో హాఫ్ ఇయర్లీ పరీక్షలు పడ్డాయి. జనవరి ఒకటికి పుస్తకాల పండగలో స్టాలు. వరికోతల పేజీకి సరైన ఫోటో దొరక్క ఇరవై మూడో పేజీ ఒక్కటే ఖాళీగా ఉంది. అప్పుడు దీవెన తన ఫోన్లోంచి ఒక ఫోటో పంపింది. కింద ఒకే వాక్యం. 'ఇది బాగుంటే వాడండి, నాకోసమని వాడకండి.'

ఫోటో అద్భుతంగా ఉంది. నలభై ఐదేళ్ల కిందటి నలుపు తెలుపు బొమ్మ. చేలో ఒక్కతే మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని, కొడవలితో సూటిగా చూస్తోంది. వెనక ఆకాశం తప్ప ఇంకేం లేదు.

కొడవలి ఎడం చేతిలో ఉంది.

యేసుబాబు గుండె ఎగిరింది. దొరికింది! పాత స్టూడియోల్లో నెగెటివ్ తిరగేసి ప్రింటు వెయ్యడం మామూలే. ఎడం చేత్తో కోత ఎవరు కోస్తారు? చొక్కా వల్ల పైట కనిపించడం లేదు గానీ, చెయ్యి చెప్పడం లేదూ! ఆమె కూడా చూడని తప్పు తను పట్టుకున్నాడు. ఒక్క నొక్కు. కొడవలి కుడి చేతిలోకొచ్చింది. ఫోన్ చేద్దామనుకున్నాడు. ఆమె పరీక్ష డ్యూటీలో ఉంటుంది. పైగా చెప్పేస్తే సరదా ఏముంది? పుస్తకం చూసి ఆశ్చర్యపోవాలి.

పుస్తకం అచ్చుకెళ్లింది. పది రోజుల తరవాత మొదట బైండింగయిన పాతిక కాపీల్లో ఒకటి పట్టుకుని స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు. కొత్త చొక్కా, కొత్త దువ్వెన.

దీవెన పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుంది. ముందు ఇరవై మూడో పేజీయే తీసింది. కొడవలి ఉన్న చేతి మీద వేలు పెట్టింది.

"తిరగబడి ఉందండి," అన్నాడు యేసుబాబు ఉత్సాహంగా. "నేనే సరిచేశాను."

"సరిచేశారా?"

"ఎడం చేతిలో..."

"మా నాయనమ్మది ఎడం చేతి వాటం," అంది దీవెన.

గేటు ముందు ఆటో ఒకటి హారన్ కొట్టింది. యేసుబాబుకి వినపడలేదు.

"చిన్నప్పుడు ఆ చేతి మీద వాతలు పెట్టారు. కోతల్లో వరసకి అడ్డమొస్తుందని మేస్త్రి చివరి గట్టున నిలబెట్టేవాడు. ఆ చేత్తో మంచినీళ్లిస్తే తాగని వాళ్లున్నారు మా పేటలోనే. 'అలాగే ఉండమ్మా, చెయ్యి మార్చకు' అన్న మనిషి ఆమె జన్మలో ఒక్కడే. ఆ ఫోటో తీసినతను." ఆమె పుస్తకం మూసింది. "చుట్టాల ఫోటో అని చెబితే మొహమాటానికి వేస్తారని చెప్పలేదు. అది నా తప్పు. అడక్కుండా తిప్పడం మీ తప్పు. నాయనమ్మ ఆదివారం చర్చి అయ్యాక అందరికీ చూపించాలని కూర్చునుంది."

పుస్తకం అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అంతే. కోప్పడినా బాగుండేది. ఎడం చెయ్యి తెచ్చిన ఎడం అది.

ఆఫీసులో జీవరత్నం గారు పేజీ చూసి పెదవి విరిచారు. "ఎవరికి తెలుస్తుందయ్యా? ఏ చెయ్యైతేనేం, వరి కోసింది కదా!"

"ఆవిడకి తెలుస్తుంది సార్."

"ఒక్కావిడ కోసం, ఒకే కాగితం మీద పడే పదహారు పేజీల ఫారం మొత్తం మళ్లీ అచ్చెయ్యాలా?"

"నది తప్పుగా పారితే మార్చాం కదండీ. నది అడగలేదు కూడా."

జీవరత్నం గారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. పిల్లల పుస్తకాలు వేసే మనిషి, ఎంత గట్టిగా ఉండగలడు? "మిషను సోమవారం ఖాళీ. ఆ ఫారం నువ్వే దగ్గరుండి వేయించు. ఈ పాతికా బయటికి పోకూడదు. లేకపోతే లేఔట్ ఆర్టిస్టువి, లే, ఔట్ అంటాను!"

ఆదివారం యేసుబాబు బందరు బస్సెక్కాడు. ఉయ్యూరు దాటాక దీవెన వాళ్ల ఊరి కాలవ గట్టున దిగాడు. ఇళ్ల మీద క్రిస్మస్ నక్షత్రాలు పగలే వెలుగుతున్నాయి. దీవెన నాయనమ్మ అమలమ్మ గారిల్లు అడగ్గానే చూపించారు. వరండాలో దీవెన ఉల్లిపాయలు తరుగుతోంది. అతన్ని చూసి కత్తిపీట మీంచి లేవలేదు. కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలకే అని యేసుబాబు సరిపెట్టుకున్నాడు.

"ఎవరే?" అంటూ అమలమ్మ బయటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, వెన్ను మాత్రం ఫోటోలో ఉన్నట్టే నిటారు.

యేసుబాబు పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. "ఈ ఫోటో పాడు చేసింది నేనేనండి. రేపు మళ్లీ అచ్చేయిస్తున్నాం. కానీ ముందు మీకు చెప్పాలని వచ్చాను."

అమలమ్మ పేజీని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"పాడేముంది బాబూ? ఈవిడ నాకు తెలుసు."

"తెలుసాండీ?"

"రోజూ పొద్దున తల దువ్వుకుంటుంటే అద్దంలో ఎదురుగా కూర్చునేది ఈవిడే. నేను ఈ చేత్తో దువ్వితే ఆవిడ ఆ చేత్తో దువ్వుద్ది. ఆవిణ్ణి ఎవరూ కొట్టలేదు. అదృష్టవంతురాలు." పుస్తకం మూసి అతనికిచ్చింది. "అయితే అసలుది కూడా వెయ్యి నాయనా. పక్కింటి మాణిక్యమ్మ మనవరాలు ఎడం చేత్తో రాస్తోందని మొన్న ఏడిపించారంట. నాలాంటిది పుస్తకంలో ఉందని చెప్పా దానికి."

"వేస్తానండి. తప్పకుండా."

"ఇంతకీ ఎందుకు తిప్పావు?"

యేసుబాబు వరండా వైపు చూశాడు. ఉల్లిపాయలు తరిగే చప్పుడు ఆగింది.

"దీవెన గారు మెచ్చుకుంటారనండి."

"మెచ్చుకోవాలంటే అడగాలి గానీ తిప్పుతారా ఎవరైనా?"

"అదే తప్పయిందండి. అందుకే ఈసారి అడుగుదామని వచ్చాను." అతను వరండా మెట్టు దగ్గరికి నడిచాడు. గొంతు సగం పేజీ కిందికి జారిపోయింది. "దీవెన గారూ, శనివారాలు అయిపోతున్నాయి. మిగతా ఆరు రోజులూ కూడా మీరే నా తప్పులు దిద్దుతారా?"

దీవెన లేచి, ఉల్లిపాయల గిన్నె పట్టుకుని లోపలికెళ్లింది.

"తిను ముందు," అంది అమలమ్మ. "కొరమేను పులుసు. ఆకలి మీద ఏ సంగతీ తేలదు."

కంచం ముందు కూర్చున్నాడు. అమలమ్మ అన్నం పెట్టి, పులుసు గరిటె ఎడం చేత్తో అందుకుంది. అంతలో అతిథి ఉన్నాడని గుర్తొచ్చిందేమో, చప్పున కుడి చేతికి మార్చుకుంది. అరవై ఏళ్ల అలవాటు. గరిటె వణికింది.

"అమ్మా," అన్నాడు యేసుబాబు, కంచం కాస్త ముందుకి జరిపి. "మీకు ఏ చెయ్యి వాటమో ఆ చేత్తోనే వడ్డించండి."

అమలమ్మ ఆగింది. గరిటె మళ్లీ ఎడం చేతిలోకి వెళ్లింది. ఒక్క చుక్క ఒలక్కుండా ముక్కా, పులుసూ సరిగ్గా అన్నం మధ్యలో పడ్డాయి.

తలుపు దగ్గర నిలబడి దీవెన అంతా చూస్తోంది. నెమ్మదిగా వచ్చి నాయనమ్మ చేతిలోంచి గరిటె తీసుకుంది. తీసుకుని తన ఎడం చేతిలో పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగి ఆ చేత్తో గరిటె పట్టిన పిల్ల కాదు. గరిటె ఊగింది. ముక్క కంచం అంచున ఆగింది, పులుసు సగం అన్నంలోకీ సగం యేసుబాబు కొత్త చొక్కా మీదికీ పోయింది.

యేసుబాబు తుడుచుకోలేదు. ఆ మరక వంక చూస్తూ కూర్చున్నాడు.

"నేర్చుకుంటుందిలే బాబూ," అంది అమలమ్మ నవ్వుతూ. "రోజూ వడ్డిస్తే అదే వస్తుంది."

"రోజూ ఎందుకండీ? రోజు విడిచి రోజు నేను వడ్డిస్తాను."

దీవెన చెంగు తడిపి అతని ముందుకి చాపింది. మొహం మటుకు పక్కకి తిప్పుకుంది, ఎర్రగా ఉందని.

"వడ్డించండి," అంది. "కానీ అడిగి వడ్డించండి."