ఎవరూ పూర్తిగా వినని ప్రశ్న

బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే దారిలో, కాలువ దాటాక, మూతబడిన రైస్ మిల్లు ఒకటి ఉంది. చీకటి పడితే అక్కడ ఎవరూ బండి ఆపరు. చెరుకు ట్రాక్టర్ల వాళ్లు ఆ గేటు వచ్చేసరికి పాట సౌండు పెంచుకుని పోతారు.

అక్కడి దెయ్యం పీక నొక్కదు. రక్తం తాగదు. ప్రశ్న అడుగుతుంది.

"అన్నా... ఆ రాత్రి నువ్వు..."

అంతవరకే అందరికీ తెలుసు. పూర్తిగా విన్నవాడు వారం బతకడని ఊరు తీర్మానించింది — అందుకే అందరూ సగంలోనే పారిపోతారు. తొమ్మిదేళ్లుగా ఇక్కడి మగతనమంతా సగం ప్రశ్నకే పరుగెత్తుతోంది.

ఆ దెయ్యం పేరు జమ్లి అంటారు. మొగుడు దేవ్‌సింగ్ మిల్లులో హమాలీ. మిషన్ అడుగు నుంచి వడ్లు లాగే గుంతలో పడి చనిపోయాడు. తాగి పడ్డాడని కాగితాల్లో రాశారు. కూలివాడి చావుకు కారణం ఎప్పుడూ ముందే తయారుగా ఉంటుంది. ఆ దుఃఖంతో జమ్లి కాలువలో దూకిందని చెప్పుకున్నారు. శవాన్ని చూసినవాడు లేడు... ఎక్కడని అడిగినవాడూ లేడు.

ఇక్కడ వెబ్ సిరీస్ తీయడానికి వచ్చాడు భూమేశ్. పోయిన చలికాలం మాట. అతని దగ్గర సౌండ్ రికార్డు చేసే గణేష్ నాకు చెప్పిందే ఇదంతా.

భూమేశ్‌కు సినిమా అంటే ప్రాణం. అది నేనూ కాదనను. పెళ్లిళ్లకు వీడియోలు తీసి కెమెరా కొన్నాడు. ఇరాన్ సినిమాలు, కొరియా సినిమాలు తెల్లవార్లూ చూశాడు. సినిమా హైదరాబాద్ జాగీరు కాదంటాడు. గొంతు లేనివాళ్ల గొంతునవుతానని ఇన్‌స్టాలో రాసుకున్నాడు. ఆ మాట నేనిచ్చిన పుస్తకాల్లోదే. ఆ సిగ్గు నాకూ ఉంది.

సిరీస్ పేరు 'మిల్లు మోహిని'. జమ్లి వేషం సింధుజ అనే డిగ్రీ అమ్మాయికి ఇచ్చి, తెల్ల చీర కట్టించి, మల్లెపూలు పెట్టించాడు. లంబాడీల అద్దాల రవిక లేదు, మోచేతి దాకా గాజులు లేవు. చచ్చాక కూడా కూలిమనిషికి తన బట్టలు దక్కవు.

చిక్కల్లా ఒక్కటే. దెయ్యం అడిగే ప్రశ్న ఏమిటి? భూమేశ్ ఐదు రకాలుగా రాశాడు. ఒక్కటీ వణికించలేదు. ప్రశ్న కుదిరితేనే సిరీస్ తీసుకుంటామని ఓటీటీ కంపెనీవాళ్లు తేల్చేశారు. రెండేళ్ల కష్టం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. అసలు మిల్లులోనే రాత్రి తీస్తే ఆ వాక్యం దొరుకుతుందని అతని ఆశ.

మిల్లు అతనికి కొత్త కాదు. తండ్రి సమ్మన్న అక్కడే రాత్రి షిఫ్టులో పనిచేసేవాడు. పాత తాళంచెవి ఇంట్లో మేకుకు ఇంకా వేలాడుతోంది. అడిగితే ముసలాయన ఇవ్వనన్నాడు. ఎందుకో చెప్పలేదు. "మా బాపుకు మోటర్ సప్పుడు పడదన్నా. మిక్సీ తిప్పినా లేచి బయటికి పోతడు," అని గణేష్‌తో చెప్పి భూమేశ్ నవ్వాడట. ఆయన నిద్రపోయాక తాళంచెవి తెచ్చాడు.

షూటింగ్ అయ్యేసరికి రెండు దాటింది. ఉన్నది ముగ్గురే. చివర్లో గణేష్ చెయ్యెత్తాడు. సౌండు మనిషి పని ఇది — అందరినీ ఒక నిమిషం కదలకుండా నిలబెట్టి, ఉత్త చోటు చప్పుడు రికార్డు చేసుకుంటాడు. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు దాచడానికి పనికొస్తుంది. ఆ నిమిషం దగ్గకూడదు. తుమ్మకూడదు.

కీచురాళ్లు. కాలువ నీళ్లు. గాలికి రేకులు.

పది సెకన్లు... ఇరవై...

గణేష్ హెడ్‌ఫోన్‌లో అడుగుల చప్పుడు. గేటు కిర్రుమంది.

"అన్నా..."

సింధుజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ రాత్రి నువ్వు..."

అందరూ ఉరికేది ఇక్కడే. వీళ్లు ఉరకలేదు. ధైర్యం ఉండి కాదు — గణేష్ చెయ్యి ఇంకా పైనే ఉంది. సినిమావాళ్లకు దెయ్యం కన్నా పాడైన రికార్డింగే ఎక్కువ భయం.

తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ప్రశ్న చివరిదాకా నడిచింది.

"ఆ రాత్రి నువ్వు షిఫ్టుల ఉన్నవా? నా దేవ్‌సింగ్ గుంతలకెల్లి ఒర్లుతుంటే... మిషన్ చాలూ జేసింది ఎవరు?"

నిమిషం నిండింది. గణేష్ చెయ్యి దించి టార్చి వేశాడు. ముందు పాదాల మీద.

వెనక్కి తిరిగి లేవు. పగిలిన మడమలు. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన హవాయి చెప్పులు.

జమ్లి చావలేదు. పొద్దంతా కోటగిరి వైపు నాట్లకు పోతుంది. ఆనాటి షిఫ్టువాడు ఒక్కడైనా ఈ దారిన పోకపోతాడా అని, ఒంట్లో ఓపికున్న రాత్రల్లా వచ్చి గేటు దగ్గర నిలబడుతుంది. పగలు ఆమె మొహం చూసినవాడు లేడు. అందుకే రాత్రి గుర్తుపట్టినవాడూ లేడు.

"ఉర్కలేదేంది బిడ్డా మీరు?" అని అడిగిందట.

తర్వాత మైకు చూసింది. "దాంట్ల పడ్డదా నా మాట? నలుగురికి ఇనిపిస్తరా?"

"ఇనిపిస్తమవ్వా," అన్నాడు భూమేశ్. ఎటో చూస్తూ.

నాలుగు నెలలైంది. పూర్తిగా విన్న ముగ్గురూ నిక్షేపంగా ఉన్నారు. ట్రైలర్ కూడా వచ్చింది. చీకట్లో గేటు. జమ్లి సొంత గొంతు — "అన్నా... ఆ రాత్రి నువ్వు..." అంతే. దడదడమని డప్పులు, తెల్ల చీరలో సింధుజ కేక, తెర నలుపు. సగంలో ఆపడమే గొప్పగా ఉందని కంపెనీ మెచ్చుకుందట. ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని బండ్ల మీద గేటు దాకా పోతున్నారు... సగం విని ఉరకడానికి.

మిగతా సగం ఎందుకు కోశారని బస్టాండు ముందు చాయ్ దుకాణంలో గణేష్‌ను నిలదీశాను. మౌనం కూడా ఒక పక్షం తీసుకోవడమేనన్నాను. నోరు మూసుకుని కూలి తీసుకున్నవాడివి నువ్వూ దోషివేనన్నాను. అతను ఫోన్ తీశాడు. ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. కోయని నిమిషం.

కీచురాళ్లు. కాలువ. గేటు. ఆమె ప్రశ్న, మొదటి మాట నుంచి చివరి మాట దాకా.

తీసేయబోయాను. గణేష్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకున్నదన్నా... సౌండ్ పెంచు."

పెంచాను. మూడు సెకన్లు... నాలుగు... మైకు పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు. ఆ తర్వాత, గేటు దగ్గరున్న ఆమెకు వినబడనంత మెల్లగా, భూమేశ్ గొంతు —

"మా బాపు."