వెతికేసిన గది

సందు చివర మేడ ఉంది చూశారూ, దాని మూడో అంతస్తు జోలికి ఎవరూ పోరు. సగం అద్దెకే ఇస్తామన్నా చేరినవాడు లేడు. జనం పడుకున్నాక అక్కడ వెనక గది తలుపు లోపల్నించి ఎవరో కొడతారట. టక్... టక్... టక్... మూడే దెబ్బలు. కాసేపాగి, మళ్ళీ మూడు.

ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఒకావిడ బతికేది. ఇల్లంటుకున్న రాత్రి పొగలో అక్కడే పోయింది. ఫైరింజను రాలేదా అంటారేమో. రాకేం! నాలుగే నిమిషాల్లో వచ్చింది. ఎక్కడికైనా నాలుగు నిమిషాల్లో వస్తాడనే ఆ ఫైరాఫీసరుకి నాలుగు నిమిషాల సారని పేరు. రావడం వరకే వచ్చు ఆ మహానుభావుడికి.

వాళ్ళకో పద్ధతుంది. గదిలోకి వెళ్ళేముందు తలుపు మీద సుద్దముక్కతో ఏటవాలుగా ఒక గీత గీస్తారు. అంతా వెతికి బయటికొచ్చాక, దాని మీదుగా అడ్డంగా రెండోది. రెండు గీతలుంటే — వెతికేశాం, లోపలెవరూ లేరని. వెనక వచ్చేవాళ్ళు ఇంక ఆ తలుపు ముట్టుకోరు.

ఆ రాత్రి సారు గడప దాటకుండానే రెండు గీతలూ గీసేశాడు.

పక్కన టార్చి పట్టుకున్న డ్రైవరు అది చూశాడు. లోపల్నించి మూడు దెబ్బలూ విన్నాడు. "సార్... ఏదో చప్పుడు..." అన్నాడు.

"కర్రలు పేలుతున్నాయిలేవోయ్, పద!"

డ్రైవరు నోరు మూసుకుని మెట్లు దిగాడు. కుట్టుమిషనావిడ చెల్లెలు కింది వాటాలోనే ఉండేది. ఆమె సారు కాళ్ళమీద పడింది — "మా అక్క వెనక గదిలో ఉంది బాబూ!"

"ఎవరూ లేరమ్మా. చూశాం," అన్నాడు సారు, చేతులు దులుపుకుంటూ.

తర్వాత తేలిందేమిటంటే, వేడికి తలుపు లోపలి పిడి ఊడిపోయింది. లోపల్నించి రాదు. బయటివాళ్ళు పిడి తిప్పితే చాలు, వచ్చేసేది. అంతే పని! ఆ మాత్రానికి కూడా చెయ్యి రాలేదు.

చెల్లెలు వదల్లేదు. కాళ్ళరిగేలా తిరిగి ఆరు నెలలకి విచారణ వేయించింది. సారుకి చెమటలు పట్టాయి. గదిలో కిటికీ ఎటుంది, మంచం ఎటుంది అని అడిగితే ఏం చెబుతాడు? చూసుంటేగా! అందుకని విచారణకి ముందు రాత్రి, డ్రైవర్ని వెంటేసుకుని దొంగలా ఆ మేడెక్కాడు.

"నేను లోపలికెళ్ళడం చూశానని రేపు నువ్వే చెప్పాలి. లేదంటే నాతోపాటు నీ ఉద్యోగమూ పోద్ది, గుర్తుంచుకో," అన్నాడు గుసగుసగా.

ఇన్నేళ్ళూ ఇలాంటివాడికా బండి నడిపానని డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి నోరు మూసుకున్న తనని తలుచుకుంటే అంతకన్నా అసహ్యమేసింది.

మూడో అంతస్తు. టార్చి వెలుగు వెనక గది తలుపు మీద పడింది.

ఒక్కటే గీత.

"సార్... రెండోది లేదు..."

"హోసు నీళ్ళకి పోయుంటుంది."

"ఒక్కటే ఉంటే... వెళ్ళినవాళ్ళు ఇంకా లోపలే ఉన్నారని కదా సార్..."

"నోర్ముయ్!" అని సారు టార్చి లాక్కుని, పిడి తిప్పి లోపలికెళ్ళాడు.

గాలి లేదు, ఏమీ లేదు... తలుపు నెమ్మదిగా, దానంతటదే మూసుకుంది.

డ్రైవరు చీకట్లో నిలబడ్డాడు. ఒక నిమిషం... రెండు... మూడు... నాలుగు...

టక్. టక్. టక్.

"సార్?"

నోరు తెరిస్తే వీధంతా దద్దరిల్లే మనిషి. ఒక్క కేక లేదు. మూడు దెబ్బలు... ఆగి, మళ్ళీ మూడు. కొడుతున్నది సారా? లేక... ఆవిడా?

తడుముకుంటూ పిడి మీద చెయ్యి వేశాడు. ఆరు నెలల క్రితం ఆరిన కొంపలో... పిడి ఇంకా వేడిగా ఉంది.

చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. తిప్పితే వస్తుంది, తెలుసు. కానీ చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఎప్పుడూ ఉండే డ్యూటీ సుద్దముక్క తగిలింది. చీకట్లోనే, సారు నేర్పినట్టే, గడప ఇవతల నిలబడి రెండో గీత గీసేశాడు.

ఎలా దిగాడో తెలీదు. కింది వాటా తలుపు తీసి ఉంది. గుమ్మంలో ఆ చెల్లెలు నిలబడి ఉంది. ఇద్దరూ పైకెళ్ళడం చూసినట్టుంది.

"పైన ఎవరన్నా ఉన్నారా బాబూ?"

డ్రైవరు చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "ఎవరూ లేరమ్మా... చూశాం."

టక్... టక్... టక్...

ఆవిడ తలెత్తి పైకి చూసింది. ఆవిడకీ వినబడుతోంది.

"సరే అయితే," అని తలుపేసుకుంది.