మగ్గం కింద తడి

పొద్దున్నే కాఫీ కప్పుతో కొట్టంలోకి వెళ్లిన నెల్డా గోడకున్న నీటి ఒత్తిడి మీటరు ముందు ఆగిపోయింది. ముల్లు మళ్లీ కిందికి దిగి ఉంది. మూడు రోజులుగా ఇదే వరస. సాయంత్రం నీళ్లు ఎక్కించడం, తెల్లారేసరికి ముల్లు పడిపోవడం.

ఒకప్పుడు పన్నెండు ఆవులు కట్టిన కొట్టం అది. ఆవులు పోయాక నెల్డా తండ్రి ఓరిన్ అందులో కుర్చీలు చేసుకుంటున్నాడు. అమెరికాలోని వెర్మాంట్ చలికి డెబ్బై ఆరేళ్ల వేళ్లు ఉలి పట్టలేకపోతున్నాయని, గొట్టాల పనే వృత్తిగా గల నెల్డా వేసవంతా కష్టపడింది. నేలంతా మెలికలుగా గొట్టాలు పరిచి పైన కాంక్రీటు పోసింది. వాటిలో వేడినీళ్లు తిరిగితే నేల వెచ్చబడుతుంది, నాన్న పని ఆగదు. ఆమె కోరిక అదొక్కటే.

"నాన్నా, ఈ గొట్టాల మరలు తిప్పావా?"

"నేనెందుకు తిప్పుతానమ్మా!" అంటూ ఓరిన్ చూపు తప్పించాడు.

నెల్డాకు పాలుపోలేదు. అతుకులు చూసింది, పంపు చూసింది. ఎక్కడా చుక్క లేదు. తన పనే చెడిందా? నాన్నకే మతి తప్పుతోందా? మొన్న సుత్తి చేతిలో పెట్టుకునే సుత్తి కోసం వెతికాడాయన.

"ఇవాళ లోపమెక్కడో తేలకపోతే నీళ్లు తీసేసి అన్నీ ఆపేస్తాను. గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి అవి పగిలితే నేలంతా తవ్వాలి. నువ్వు వంటింట్లో కూర్చుని టీవీ చూసుకో!"

"నన్ను వంటింట్లో కూర్చోబెట్టడానికేనా ఇంత చేశావు?"

ఉక్రోషంతో వెనుదిరిగిన నెల్డా కాలికి మూలన దేనిమీదో కప్పిన గుడ్డ తగిలి అది జారిపోయింది. కింద అమ్మ మగ్గం! పైగదిలో ఉండాల్సింది ఇక్కడికెప్పుడొచ్చింది? నాలుగు కాళ్లూ నేలకు బోల్టులతో బిగించి ఉన్నాయి. ఒక బోల్టు చుట్టూ తడి. అది కిందున్న గొట్టానికి చిల్లు పెట్టింది.

"కాంక్రీటు పోయకముందు తీసిన గొట్టాల ఫొటో తలుపుకు అంటించాను కదా నాన్నా!"

"చూసే కొలిచానే. నువ్వు అటు గోడ నుంచి తీశావు. నేనిటు నిలబడి లెక్కేశాను, కుడి ఎడమ తారుమారైనట్టుంది."

"అసలు మగ్గానికి బోల్టులెందుకు?"

"మీ అమ్మ నేస్తుంటే ఆ అదురుకు అది ముందుకు నడుస్తుందే. మెట్లెక్కలేక రెండేళ్లుగా దాన్ని ముట్టలేదు. ఇక్కడైతే మెట్లు లేవు, కాళ్లకు వెచ్చన. నాకొక్కడికే ఎందుకింత వేడి?"

"మరి చెప్పవేం?"

"బోల్టు వల్లో కాదో నాకూ తెలియలేదు. చెబితే ముసలాడికి మతిపోయిందంటావని..."

ఉదయం నుంచి నెల్డా అనుకున్నది అదే. ఆయన పక్కనే కూలబడి ఏడ్చింది.

కర్ర పొడుచుకుంటూ నెల్డా తల్లి హెట్టీ వచ్చింది. "ఏమయ్యా, అమ్మాయిని ఏడిపించావా?" అంటూనే మగ్గం చూసింది. చెప్పులు విడిచి మేజోళ్లతో నేల మీద నిలబడి, "వెచ్చగానే ఉందే," అంది మెల్లగా.

మధ్యాహ్నానికి నెల్డా బోల్టులు ఊడదీసి, అరచేతి మేర కాంక్రీటు చెక్కి గొట్టానికి అతుకు వేసింది. ఓరిన్ దీపం పట్టాడు. ముల్లు మళ్లీ దిగలేదు.

ఇప్పుడు హెట్టీ నేస్తుంటే మగ్గం రోజుకు బొటనవేలంత ముందుకు నడుస్తుంది. సాయంత్రం ఓరిన్ దాన్ని వెనక్కి నెడతాడు. బోల్టు మాట ఎవరూ ఎత్తరు.